మరక చెరపకండి

రాజమండ్రి చుట్టుపక్కల ఇళ్ల వీడియోలు తీసేవాళ్లంతా సంక్రాంతి వెళ్లేదాకా ఆగుతారు. అప్పటికి ఆకాశం తేటపడుతుంది, గోదావరి నీలంగా ఉంటుంది, గోడలు ఆరి ఉంటాయి. నా మొదటి సలహా ఏమిటంటే, అప్పుడు తీయకండి. శ్రావణంలో తీయండి. వాన వెలిసిన గంటకి, చూరు నుంచి ఇంకా చుక్కలు పడుతుండగా తీయండి.

తక్కిన సలహాలూ ఈ తీరులోవే. వ్యాపారం తెలిసినవాళ్లు వీటిని తలకిందుల సలహాలంటారు. ఇవి పాటిస్తే ఇల్లు నాలుగు నెలలు ఆలస్యంగా అమ్ముడుపోవచ్చు, బిల్డరు మిమ్మల్ని మళ్లీ పిలవకపోవచ్చు. అది తెలిసే చెబుతున్నాను.

మన వీడియో చూసి అడ్వాన్సు పంపేవాడు ఇక్కడ ఉండడు. రాజోలు నుంచి వెళ్లి మస్కట్‌లో బండి నడుపుతున్న మనిషో, బెంగళూరులో ఉద్యోగం చేస్తున్న భీమవరం అమ్మాయో, డాలస్‌లో ఉండి అమ్మానాన్నల కోసం ఊళ్లో ఇల్లు వెతుకుతున్న కొడుకో అయి ఉంటాడు. ఊళ్లో ఉన్నవాడైతే స్థలం దగ్గరికెళ్లి మట్టి చేతిలోకి తీసుకుని నలుపుతాడు. గోడ మీద అరచెయ్యి ఆనిస్తాడు. బోరు నీళ్లు పుక్కిలించి ఊస్తాడు. దూరాన ఉన్నవాడికి ఈ మూడూ లేవు. వాటికి బదులు అతనికి దక్కేది ఫోన్ తెర మీద రంగు ఒక్కటే. ఆ రంగు మన చేతిలో ఉంది.

లాగ్‌లో, అంటే వెలుగునీడల వివరాలు పోకుండా చప్పగా రికార్డు చేసే పద్ధతిలో, తీసిన ఫుటేజ్ మొదటిసారి చూసినవాళ్లు కెమెరా పాడైందనుకుంటారు. బొమ్మంతా బూడిద పూసినట్టుంటుంది. సోనీ ఎస్-లాగ్3లో అయితే, 18 శాతం బూడిదరంగు అట్టని సరిగ్గా తీస్తే వేవ్‌ఫామ్ మీద 41 దగ్గర కూర్చుంటుంది. తెల్లకాగితం లాంటిది 61 దగ్గరే ఆగిపోతుంది. పైనున్న ఖాళీ అంతా కిటికీ బయట ఉన్న ఎండకోసం వదిలిపెట్టింది. చీకటి గదిలో నిలబడి తీసినా బయటి కొబ్బరితోటలో ఆకు ఆకుగా కనిపించేది అందుకే. పది బిట్లలో తీస్తే ఒక్కో రంగుకి 1024 మెట్లుంటాయి, ఎనిమిది బిట్లలో 256 మాత్రమే. ఎనిమిది బిట్ల లాగ్‌ని సాగదీస్తే శ్రావణ మేఘం చారలు చారలుగా విరుగుతుంది. మీ కెమెరాలో ఎనిమిదే ఉంటే లాగ్ జోలికి పోకండి, మామూలు ప్రొఫైల్‌లో తీసుకోండి. సలహాలన్నిటిలో ఎవరూ తప్పుపట్టనిది ఇదొక్కటే.

ఇక లట్ సంగతి, అంటే ఫుటేజ్ రంగుల్ని ఒక్కసారిగా మార్చేసే రెడీమేడ్ ఫైలు. పెళ్లి వీడియోలకి కొన్న లట్‌ని తెచ్చి ఇంటి మీద వేయకండి. చర్మాన్ని నారింజ వైపు, నీడల్ని నీలం వైపు తోసే ఆ లట్ పెళ్లికూతురికి నప్పుతుందేమో గానీ, దాని కింద నల్లరేగడి నీలిమట్టి అవుతుంది, కొబ్బరాకు ప్లాస్టిక్ ఆకు అవుతుంది. డావిన్సీ రిజాల్వ్ ఉచిత వెర్షన్‌లోనే కలర్ స్పేస్ ట్రాన్స్‌ఫామ్ ఉంది. కెమెరా గాముట్, లాగ్ రకం సరిగ్గా ఎంచుకుని రెక్. 709కి మార్చండి. వెలుతురు, వైట్ బ్యాలెన్స్ సర్దుబాట్లు దానికి ముందు నోడ్‌లో, అంటే ముందు దశలో, చేయండి. తరవాత నోడ్ ఖాళీగా వదిలేయండి. ఆ ఖాళీ నోడ్ చూస్తే చెయ్యి దురద పెడుతుంది, పనేమీ చేయనట్టు అనిపిస్తుంది. ఓర్చుకోండి.

వైట్ బ్యాలెన్స్ దగ్గర కొంచెం ఎక్కువసేపు ఆగాలి, ఎందుకంటే మన ఊళ్లలో తెలుపు ఒక్కటి కాదు. కోనసీమలో మండువా లోగిళ్లు ఇంకా మిగిలి ఉన్నాయి. నడుమ ఆకాశానికి తెరిచిన మండువా, చుట్టూ నాలుగు వసారాలు, పైన పెంకు. వెలుతురంతా ఆ నడిమి నుంచే దిగుతుంది. ఆ గోడలకి వేసే సున్నంలో గుప్పెడు నీలిమందు కలుపుతారు. అలాంటి గోడ మీద ఐడ్రాపర్ పెట్టి ఇదే తెలుపు అని చెప్పారనుకోండి, సాఫ్ట్‌వేర్ ఆ నీలాన్ని తీసేయడానికి ఇల్లంతా పసుపు పూస్తుంది. అందుకని గోడని నమ్మకండి, బూడిదరంగు అట్ట ఒకటి కొనండి. మండువాలో ఒకసారి, వసారాలో ఒకసారి, పడకగదిలో ఒకసారి నేల మీద పెట్టి రెండు సెకన్లు తీయండి. కెమెరాలో ఆటో వైట్ బ్యాలెన్స్ ఆపేయండి. లేకపోతే హాల్లోంచి వరండాలోకి నడిచేసరికి గోడ మూడు రంగులు మారుతుంది. షట్టర్ 1/50 పెట్టండి, మన కరెంటు 50 హెర్ట్జ్ కాబట్టి ట్యూబులైట్లు మినుకుమినుకుమనవు.

అట్ట పెట్టి సరిచేశాక కూడా కిటికీ పక్క గోడ మీద పల్చటి ఆకుపచ్చ మిగులుతుంది. అది తోటలోంచి వచ్చిన వెలుతురు. దాన్ని మాస్క్ గీసి తీసేయమంటారు. తీయకండి. ఆ గదిలో మధ్యాహ్నం నడుం వాల్చిన మనిషికి ఒంటి మీద పడేది ఆ పచ్చదనమే. కొనేవాడికి అది దక్కే వస్తువు, గోడ ఎంత నిజమో అదీ అంతే నిజం.

ఇప్పుడు మట్టి. డెల్టాలో వెంచర్ వేసేదంతా ఒకప్పటి వరిచేలోనే. పల్లపు చేను మెరక చేయడానికి రాజానగరం, కోరుకొండ వైపు నుంచి ఎర్ర గ్రావెల్ తోలిస్తారు. ఆ ఎరుపు ఫోన్‌లో అందంగా ఉంటుంది, ఇంకొంచెం పెంచితే మరీనూ. పెంచకండి. అంతకంటే ముఖ్యం, ఎర్రమట్టి ఒక్కదాన్నే ఫ్రేములో పెట్టకండి. ప్లాటు అంచుకి వెళ్లి, తోలించిన మట్టి ఎక్కడ ఆగిందో, దాని పక్క నల్లచేను ఎంత పల్లంలో ఉందో ఒకే షాట్‌లో రానివ్వండి. నీడలు నలుపులో మునిగిపోకుండా చూడండి. మెరక ఎత్తు, బోదె లోతు, మురుగు కాలువలో నీటి మట్టం ఆ నీడల్లోనే ఉంటాయి. మూడు సెంట్ల స్థలానికి జీవితకాలపు కూడబెట్టు పోసేవాడు మొదట చూడవలసిన షాట్ అదే. మన వీడియోల్లో ఎప్పుడూ లేనిదీ అదే.

డ్రోన్ కూడా అంతే. నిబంధనలు 400 అడుగుల దాకా ఒప్పుకున్న చోట కూడా అంత పైకి పోకండి. అక్కడి నుంచి చూస్తే ప్రతి ప్లాటూ గోదావరి ఒడ్డునే ఉన్నట్టుంటుంది, ప్రతి నేలా చదునుగానే ఉంటుంది. కొబ్బరిచెట్టు మొవ్వ ఎత్తులో ఆగండి. అక్కడి నుంచి గట్టు గట్టులాగా, పల్లం పల్లంలాగా కనిపిస్తుంది.

గోదావరి రంగు గురించి నాకు పట్టుదల ఉంది. శ్రావణంలో ఏరు ఎర్రగా, చిక్కగా వస్తుంది. క్వాలిఫయర్‌తో ఆ ఎరుపుని పట్టుకుని నీలం చేయడం అరనిమిషం పని. కానీ 1986 ఆగస్టులో ధవళేశ్వరం దగ్గర 35 లక్షల క్యూసెక్కులు దాటిన వరద చూసినవాళ్లు మన మధ్యే ఉన్నారు. 2022 జులైలో మళ్లీ 25 లక్షలు దాటింది. బ్యారేజీ దగ్గర 11.75 అడుగులకి మొదటి హెచ్చరిక, 13.75కి రెండోది, 17.75కి మూడోది ఎగరేస్తారు. లంకల్లో ఉన్నవాళ్లు ఆ అంకెల కోసం రాత్రిళ్లు టీవీ ముందు కూర్చుంటారు. అలాంటి నీళ్లకి జనవరి నీలం వేసి ‘రివర్ వ్యూ’ అని రాయడం నావల్ల కాదు, మీరూ చేయవద్దు. ఎర్రనీళ్లు ఎర్రగా పెట్టి, మూలన తీసిన నెల, సంవత్సరం రాయండి. కాలువ పక్క స్థలమైతే తేదీ ఇంకా అవసరం. వేసవిలో కాలువలు కట్టేస్తారు, జూన్‌లో వదులుతారు. ఏ నెలలో తీశారో తెలియకపోతే ఆ కాలువ గురించి కొనేవాడికి ఏమీ తెలియనట్టే.

భీమవరం వైపు వెళితే రొయ్యల చెరువులొస్తాయి. నీటిలో నాచు పెరిగి ఆకుపచ్చగా ఉంటాయి, ఏరేటర్లు తెల్లటి నురగ చిమ్ముతుంటాయి. రైతు ఆ రంగు చూసి చెరువు ఆరోగ్యం చెబుతాడు. దాన్ని నీలం చేసి లేక్ వ్యూ అనకండి. పక్కన చెరువుందని తెలిస్తే కొనేవాడు బోరు నీళ్లు ఉప్పు తేలతాయా అని అడుగుతాడు. అడగనివ్వండి.

ఇక గోడ. ఇక్కడ నేను చేసిన తప్పు చెప్పాలి. రాజోలు వైపు ఒక పాత డాబా. నేలలోని ఉప్పు తేమతో పాటు ఇటుకలోకి ఎక్కి, ఆరినప్పుడు తెల్లటి పొడిగా పైకి తేలుతుంది. పడమటి గోడకి మోకాలెత్తున ఆ ఉప్పు పట్టి ఉంది. లాగ్ ఫుటేజ్‌లో స్పష్టంగా పడింది. తెల్లగోడ మీద తెల్లపొడి, తేడా బహుకొద్ది, అయినా పడింది. హైలైట్స్ పైకి తోసి, నాయిస్ రిడక్షన్ కొంచెం గట్టిగా వేశాను. తెలుపులో తెలుపు కలిసిపోయింది. గోడ పాలరాయిలా వచ్చింది. అమ్మేవాళ్లు మెచ్చుకున్నారు.

కొన్నాయన మస్కట్‌లో ఉన్నాడు. రిజిస్ట్రేషన్ అయ్యాక వాళ్లమ్మగారు ఇంట్లో దిగి, ఎవరి దగ్గరో నంబరు తీసుకుని ఫోన్ చేశారు.

“ఆ బొమ్మ తీసింది నువ్వేనా బాబూ?”

“నేనేనండి.”

“మా అబ్బాయి అది చూసే బేరం ఖాయం చేశాడు. ఈ గోడ నీకు కనపడలేదా?”

“కనపడిందండి” అన్నాను.

ఆవిడ ఇంకేమీ అనలేదు. కాసేపు ఫోన్ పట్టుకునే ఉండి పెట్టేశారు. ఆ ప్రాజెక్టు ఫైలు ఇప్పటికీ నా హార్డ్ డిస్కులో ఉంది. పాత నోడ్‌లన్నీ ఆపేసి చూస్తే ఉప్పు అలాగే ఉంటుంది.

కాబట్టి మరక చెరపకండి. చెమ్మ దిగిన చోట నీడ నల్లబడితే నల్లబడనివ్వండి. నాయిస్ రిడక్షన్ వేయక తప్పకపోతే, వేసిన ముందూ వెనకా గోడ అడుగుభాగం పెద్దది చేసి చూడండి. వేశాక గోడ నునుపైతే తీసేయండి. షూటింగ్‌కి ముందు రోజు రంగు వేయిస్తామంటే, వేయకముందు ఒక షాట్ తీసి వీడియోలో పెడతానని ముందే చెప్పండి. ఒప్పుకోకపోతే ఆ పని వదులుకోండి.

చట్టం కూడా ఇటే ఉంది. 2016 రెరా చట్టం 12వ సెక్షన్ ప్రకారం ప్రకటనలో ఉన్న తప్పుడు సమాచారం నమ్మి డబ్బు కట్టి నష్టపోయినవాడికి ప్రమోటరు పరిహారం ఇవ్వాలి. ప్రాజెక్టు నుంచి తప్పుకుంటానంటే కట్టిన సొమ్మంతా వడ్డీతో తిరిగివ్వాలి. ప్రకటనలో రిజిస్ట్రేషన్ నంబరు, అథారిటీ వెబ్‌సైటు స్పష్టంగా ఉండాలని 11వ సెక్షన్ చెబుతోంది. 500 చదరపు మీటర్లు దాటిన వెంచర్ అయితే నంబరు అడగండి. లేదంటే కెమెరా బయటికి తీయకండి. రాజోలు డాబా లాంటి పాత ఇల్లు చేతులు మారేటప్పుడు ఈ చట్టం వర్తించదు. అక్కడ కొనేవాడికి దిక్కు మన ఫుటేజే.

ఎడిటింగ్‌లో ఒక షాట్ కుడినుంచి ఎడమకి, తరవాతది ఎడమనుంచి కుడికి నడిస్తే కళ్లకి ఇబ్బందని ఫ్లిప్ బటన్ నొక్కుతారు. ఇంటి షాట్‌ని ఎప్పుడూ ఫ్లిప్ చేయకండి. తూర్పుముఖం ఇంటికి ఎదురుగా రోడ్డు మీద నిలబడితే ఈశాన్యం మన కుడిచేతి వైపు ఉంటుంది. ఫ్లిప్ చేస్తే ఈశాన్యంలో ఉన్న బోరు ఆగ్నేయానికి పోతుంది. వాస్తు చూసి కొనేవాళ్లు వీడియో ఆపి ఆపి చూస్తారు, వాళ్ల పెద్దవాళ్లకి పంపిస్తారు. మీకు వాస్తు మీద నమ్మకం ఉన్నా లేకపోయినా వాళ్ల దిక్కులు మార్చే హక్కు మీకు లేదు.

ఎగుమతి చేసేముందు మీ మానిటరు మీద సరిపెట్టుకోకండి. వీడియో ఫోన్‌లోకి ఎక్కించుకుని ఆ వీధికే వెళ్లండి. అరుగు మీద కూర్చున్న పెద్దాయన చేతికి ఫోనిచ్చి, “ఏ ఊరో చెప్పండి తాతగారూ” అనండి. ఆయన కళ్లజోడు సర్దుకుని, “ఆయ్, మన కాలువగట్టే కదండీ ఇది” అంటే ఎగుమతి చేసుకోండి. “ఎక్కడండీ ఇది, హైదరాబాదా?” అంటే ఇంటికొచ్చి ఫైలు తెరిచి, శాచురేషన్ యాభై నుంచి నలభై అయిదుకి దించి, మర్నాడు మళ్లీ ఆ అరుగు దగ్గరికే వెళ్లండి.