ట్రంకుపెట్టె అడుగున దొరికిన పారీఖత్తు

పన్నెండేళ్ల పార్టిషన్ దావా. సాక్ష్యం ముగిసింది, ఆర్గ్యుమెంట్లకు వాయిదా పడింది. సరిగ్గా ఆ పొద్దునే ప్రతివాది ఇంట్లో ట్రంకుపెట్టె తెరుచుకుంది. అడుగున 1987 నాటి పారీఖత్తు, అంటే పంపకాల పత్రం! ‘ఎంత వెతికినా దొరకలేదు, ఇంటికి సున్నం వేయిస్తుంటే ఈమధ్యే బయటపడింది’ అని అఫిడవిట్. మన జిల్లాల్లో ఇళ్లకు సున్నం వేసేది సంక్రాంతికి కాదు, ఆర్గ్యుమెంట్లకు.

వెంటనే మూడు పిటిషన్లు దిగాయి: ముగిసిన సాక్ష్యం మళ్లీ తెరవమని రీఓపెన్, సాక్షిని మళ్లీ పిలవమని రీకాల్, కాగితం తీసుకోమని రిసీవ్. మూడూ కలిపి ఒక్కదాంట్లో అడగొచ్చు కదా అంటారేమో. అపచారం! ఏ కోరికకు ఆ పిటిషన్ విడిగా వేయాలని సివిల్ రూల్స్ ఆఫ్ ప్రాక్టీస్‌లో ఉంది. ఉమ్మడి రాష్ట్రంలో వచ్చిన ఆ పుస్తకం మొత్తంలో మా వకీళ్లకు కంఠతా వచ్చిన రూలు ఇదొక్కటే. మూడు పిటిషన్లకు మూడు కౌంటర్లు, మూడు ఆర్డర్లు. కొట్టేస్తే హైకోర్టుకు మూడు సీఆర్పీలు. సీఆర్పీ అంటే సివిల్ రివిజన్ పిటిషన్ అని గుమాస్తా కూడా చెబుతాడు. సివిల్ రూల్స్ ఆఫ్ ప్రాక్టీస్ కూడా సీఆర్పీయేనని గుర్తున్నవాళ్లు బార్ అసోసియేషన్‌లో ఎందరో లెక్కపెట్టడానికి ఒక చెయ్యి చాలు.

ఈ గోలంతా రాకుండా 1908 నాటి సివిల్ ప్రొసీజర్ కోడ్‌లోనే పదకొండో ఆర్డరు పెట్టారు. కోర్టు అనుమతితో ఎదుటి పక్షానికి రాతపూర్వకంగా ప్రశ్నలు (ఇంటరాగేటరీలు) పంపొచ్చు. అనుమతి సంగతి ఏడు రోజుల్లో తేల్చాలి. జవాబు మామూలుగా పది రోజుల్లో, అఫిడవిట్ మీద రావాలి. ‘నీ దగ్గరున్న కాగితాలేమిటో ప్రమాణం చేసి చెప్పు’ అని అడగొచ్చు, చూడొచ్చు, నకళ్లు తీసుకోవచ్చు. ఆర్డరేసినా మొండికేస్తే వాది దావా కొట్టేయొచ్చు, ప్రతివాది డిఫెన్సు తీసేయొచ్చు. ఈ పనులన్నీ మొదట్లోనే చేయించండని రామ్‌రామేశ్వరీ దేవి కేసులో 2011లో సుప్రీంకోర్టు కింది కోర్టులకు చెప్పింది కూడా. అది మన ఊరి బస్సెక్కినట్టు లేదు.

ఓ జూనియర్ కుర్రాడు ఉత్సాహపడి ఇంటరాగేటరీలు తయారుచేశాడు. సీనియర్ గారు కళ్లజోడు పైకి నెట్టి చూసి, ‘‘ఇదెక్కడ చదివావురా అబ్బాయ్? అన్నీ ముందే అడిగితే వాడు జాగ్రత్తపడడూ? క్రాస్‌లో కొట్టాలి!’’ అన్నారు. క్రాస్‌లో ఎదుటి సాక్షిని ప్రశ్నిస్తూ అతని ముందు పెట్టే కాగితాన్ని ముందే దాఖలు చేయనక్కర్లేదని కోడ్ మినహాయింపు ఇచ్చిన మాట నిజమే. ఆ చిన్న కిటికీలోంచే మావాళ్లు ఏనుగుల్ని తోలుతున్నారు. తీరా క్రాస్ రోజున సాక్షికి జ్వరం, సీనియర్ గారికి పక్క కోర్టులో పార్ట్‌హర్డ్.

పారీఖత్తు సంగతి చెప్పలేదు కదూ. అది రిజిస్టరు కాలేదనీ, స్టాంపు చాలదనీ అవతలి పక్షం అభ్యంతరం. మొదట్లోనే బయటపెట్టి ఉంటే ఈ తగువు ఇష్యూలు వేసేనాటికే తెలిసిపోయేది. ఇప్పుడు డాకెట్ మీద ‘కౌంటర్ కోసం’ అని పడింది. వాది పెద్దాయన చేతికర్ర పట్టుకుని మెట్లు దిగుతూ, ఈ వాయిదా ఎన్నోదని గుమాస్తాని అడిగాడు. గుమాస్తా లెక్క మానేసి చాలా కాలమైంది.

దావా వేయబోయే మహానుభావులారా, వకాలత్ మీద సంతకం పెట్టేముందే ఇంట్లో ట్రంకుపెట్టె తెరవండి. పదకొండో ఆర్డరు కింద పిటిషన్ ఎప్పుడు వేస్తారో మీ వకీలు గారిని ఆ రోజే అడగండి.