మడతచాకు చీటీకి టీకా తాత్పర్యము

మూలము: మామా, చాకు పంపుతున్నా. వేలు జాగ్రత్త.

అవతారిక: కత్తులు కూడబెట్టుటయే వ్యసనముగా గల యొకానొక హనుమంతునిపాడు వాసికి మేనల్లుడు హైదరాబాదునుండి పంపిన పొట్లములో, చాకును చుట్టిన కాగితముపై నీ రెండు వాక్యములే యుండెను. ఇంతటి గ్రంథమునకు పూర్వులెవ్వరును వ్యాఖ్య రచింపమిచే నా భారము మామకే పడినది.

ప్రతిపదార్థము: మామా = ఓ మేనమామా; చాకు = మడిచి జేబున వేసికొనదగిన చిన్నకత్తిని; పంపుతున్నా = పంపుచున్నాను (తుది 'ను'కారము తొందరలో జారినది); వేలు = ముందు చర్చింపబడును; జాగ్రత్త = భద్రముగా చూచుకొనుము.

విశేషములు: అమరసింహుడు చిన్నకత్తికి శస్త్రి, అసిపుత్రి, ఛురిక, అసిధేనుక యని నాలుగు పేర్లు సమకూర్చి పెట్టగా, మావాడు వాని నన్నిటిని ప్రక్కకు నెట్టి పరదేశపు మాటయైన చాకునే గ్రహించెను. అసిపుత్రి యనగా కత్తికి కూతురు. పని లేనంతసేపు పిడిలో మోము దాచుకొని యుండు దీనికి నా మనసున కా పేరే నచ్చినది.

ఇది ఫ్రాన్సు దేశమున సవాయ్ కొండసీమలో జోసెఫ్ ఒపినెల్ అనునాతడు 1890 ప్రాంతమున మొదలుపెట్టిన తీరుది. 1897లో ఒకటి మొదలు పండ్రెండు వరకు సంఖ్యలతో ఏర్పరచిన పరిమాణములలో ఎనిమిదవది. అలుగు ఎనిమిదిన్నర సెంటీమీటర్లు, పిడి బీచి చెక్క. పిడి మెడకు 1955లో చేర్చిన ఉక్కు కడియ మొకటి కలదు. దానిని బొటనవ్రేలితో త్రిప్పినచో తెరచిన అలుగు తనంతట మడతపడదు. తేమకు చెక్క యుబ్బి అలుగును బిగబట్టునని యెరిగినవారందురు గాని, చెరువులో నీరు నిలిచినదన్న నదియే వార్తయగు మా సీమలో నా భయమునకు తావు లేదు. మా యూరి కమ్మరి లారీ కమానుపట్టీని కాల్చి సాగగొట్టి చేసిన కత్తి దీనికంటె మొరటుదే, కాని కంపకొట్టుటకు నే నిప్పటికిని దానినే తీసుకొందును.

తొలినాడే నిమ్మకాయ కోసి తుడువక మరచితిని. తెల్లవారునప్పటికి అలుగుపై నీలిమబ్బువంటి మరక కమ్మియుండెను. తుప్పుపట్టని ఉక్కు కాదు గనుక తప్పు నాదే. పిమ్మట, సాన అందుబాటున లేక, పగిలిన మార్కాపురము పలకముక్కపై నూరిచూచితిని. పదునెక్కిన జాడ లేదు గాని పలకపై తెల్లని గీతలు మాత్రము ముచ్చటగా పడినవి.

ఇక 'వేలు' అను పదము. చేతివ్రేలని స్వపక్షము. వేలకొలది రూపాయలని మా యింటివారి పక్షము. చెక్కపెట్టెలో ఇదివరకున్న కత్తులను లెక్కించి చూపి, పిల్లవాడు శ్లేషగా మందలించినాడని వారు సాధించుచున్నారు. నాకు తోచిన మూడవ యర్థము మరియొకటి కలదు: అలుగుపై 1909 నుండి వచ్చుచున్న ముద్ర కిరీటము క్రింద వ్రేళ్ళెత్తిన చేయి, ఆ సీమలోని సెంజాన్ ద మోరియెన్ పట్టణపు చర్చిలో బాప్తిస్మమిచ్చు యోహాను వ్రేళ్ళు భద్రపరుపబడియున్నవని అచటివారి విశ్వాసము, ఆ పట్టణపు చిహ్నమే చాకుపైకెక్కినది. కావున 'వేలు జాగ్రత్త' యనగా ముద్ర అరుగనీయకుమనియు చెప్పవచ్చును. ఈ యర్థమును వినిపించుచు చాకు మడువబోయి, కడియము త్రిప్పితినో లేదో చూడక, చూపుడువ్రేలు కోసికొంటిని. పసుపు అద్దుచు ఇంటివారు మూడవ యర్థమును తోసిపుచ్చిరి.

తాత్పర్యము: సందేహనివృత్తికై గ్రంథకర్తనే ఫోనులో అడుగగా, "రెండూను మామా" అని నవ్వెను. వ్రేలికి గుడ్డ యుండగానే ఆరవ సంఖ్య చాకు వెల ఎంతయో కనుక్కొమ్మని వానికి చెప్పియున్నాను. ఇంటివారికి ఇంకను తెలియదు.