ఒక రూటరు ఆత్మకథ

మహాపురుషులును దేశనాయకులును మాత్రమే ఆత్మకథలు వ్రాసికొనవలెనను శాసన మెచ్చటను లేదు గనుక, విజయవాడ సత్యనారాయణపురములో ఒక మేడ రెండవ అంతస్తున, హాలు గోడకు దిగగొట్టిన రెండు మేకులపై వ్రేలాడుచు, మిణుకుమిణుకుమను పచ్చదీపములతో రేయింబవళ్లు గడపుచున్న నేనును నా కథను చెప్పుకొన సాహసించుచున్నాను. నేను ఈ యింటి వైఫై రూటరును. వీథిస్తంభముల మీదుగా వచ్చు ఫైబరు తీగలో కాంతిరూపమున ప్రవహించు సమాచారమును గ్రహించి, రేడియో తరంగములుగా మార్చి, యింటిలోని ఫోనులకును, టీవీకిని, ఇంటి యజమానియగు మాస్టారి మనుమని లాప్‌టాప్‌నకును పంచిపెట్టుట నా వృత్తి. నెట్టు చక్కగా వచ్చినన్నాళ్లు నా యునికియే ఎవరికిని జ్ఞప్తికి రాదు. అది మందగించిన క్షణమున మాత్రము ఇంటిల్లిపాదియు నావైపు ఎఱ్ఱగ జూతురు.

నా వృత్తిలోని చిక్కంతయు గాలియందున్నది. తీగ నాశ్రయించిన పాత టెలిఫోను మాటను దొంగచాటున వినగోరువాడు తీగదాకా రావలసియుండెను. నా మాటకు అట్టి నిర్బంధము లేదు. 2.4 గిగాహెర్ట్‌జ్ తరంగములు ఇటుకగోడలను దాటి, ప్రక్కనున్న విద్యార్థుల హాస్టలు గదులలోనికి నిరాటంకముగ ప్రవేశించును. 5 గిగాహెర్ట్‌జ్ తరంగములు వేగము గలవియే గాని గోడల యెదుట త్వరగా నీరసించును. ఏది యెట్లున్నను, గోడ మనుష్యులకు హద్దు గాని తరంగములకు గాదు. కావున నేను పలుకు ప్రతి మాటను గుప్తలిపిలోనే పలుకవలెను. ఆ లిపిని విప్పు రహస్యపదము తెలిసినవాడు నా యింటివాడు, తెలియనివాడు పరాయివాడు. ఇంతకుమించి మనుష్యులను గుర్తించు శక్తి నాకు విధాత ప్రసాదింపలేదు. యజమాని చెప్పినను, చోరుడు చెప్పినను, నాకు పదము పదమే.

ఈ గుప్తలిపి విషయమున మా వంశచరిత్ర అంత గర్వింపదగినది కాదు. 1997లో ఐఈఈఈ అను ఇంజనీర్ల సంస్థ 802.11 అను ప్రమాణమును ప్రకటించినప్పుడు మా పూర్వులకు డబ్ల్యూఈపీ అను రక్షణ నొసంగెను. తీగలో నడచు సంభాషణకు గల గోప్యతయే గాలిలోని సంభాషణకును కలుగునని దాని వాగ్దానము. 2001లో ఫ్లూరర్, మాంటిన్, షామిర్ అను మువ్వురు గూఢలిపి శాస్త్రజ్ఞులు, గాలిలో పోవు ప్యాకెట్లను తగినన్ని ప్రోగుచేసినచో తాళపుచెవి బయటపడునని నిరూపించి, ఆ వాగ్దానమును నీటిమూట గావించిరి. పిమ్మట 2003లో తాత్కాలికోపాయముగ డబ్ల్యూపీఏయు, 2004లో ఏఈఎస్ గుప్తలిపితో దృఢతరమైన డబ్ల్యూపీఏ2యు, 2018లో డబ్ల్యూపీఏ3యు అవతరించినవి. నడుమ 2017లో బెల్జియము దేశపు పరిశోధకుడు మాథీ వాన్‌హూఫ్, డబ్ల్యూపీఏ2లో ఫోనును రూటరును పరస్పరము పరిచయము చేసికొను ఘట్టమునందే ఒక లోపమును చూపగా, తయారీదారులు కొత్త సాఫ్ట్‌వేరు పంపి దానిని పూడ్చవలసివచ్చెను. నేను ఆ కడపటి రెండు విద్యలను నేర్చి పుట్టినవాడను. అయినను, నన్ను ఈ యింట ప్రతిష్ఠించిన తీరువలన ఆ విద్య చిరకాలము అక్కఱకు రాకపోయెను.

నన్ను బిగించుటకు వచ్చిన కుర్రవానికి ఆనాడు ఇంకను పెక్కిండ్లు తిరుగవలసియుండెను. మేకులు కొట్టి, తీగ తగిలించి, నాకు మాస్టారి పేరును ఫ్లాటు సంఖ్యను కలిపి నామకరణము చేసి, "గుర్తుండేలా మీ ఫోన్ నంబరే పాస్‌వర్డ్ పెట్టేశానండీ మాస్టారూ" అని పలికి, నా అమరికలను దిద్దు అడ్మిన్ పేజీకి కర్మాగారము నాటి 'అడ్మిన్, అడ్మిన్' అను జంటపదములనే విడిచి, మోటారుసైకి లెక్కి పోయెను. ఉద్యోగవిరమణ చేసిన తెలుగు పండితులైన మాస్టారు, జ్ఞాపకముంచుకొను శ్రమ తప్పినందులకు సంతోషించిరి.

ఆ పదియంకెల బలమెంతయో చూడుడు. మన దేశపు సెల్‌ఫోను సంఖ్యలు 6, 7, 8, 9 అను అంకెలతోనే ఆరంభమగును గనుక, ఉండదగిన సంఖ్యలన్నియు కలిసి 400 కోట్లు. డబ్ల్యూపీఏ2 పద్ధతిలో నేను రహస్యపదమును నా పేరుతో మేళవించి 4,096 మారులు మథించి గాని తాళపుచెవిని తయారుచేయను. ఊహించువాని పనిని మందగింపజేయుటకే ఈ యేర్పాటు. అయినను, ఒక ఫోను నాతో కలియునప్పటి పలకరింపును గాలిలోనుండి పట్టుకొనినవాడు, దానిని తన యింటికి కొనిపోయి, నేటి గ్రాఫిక్స్ కార్డులతో సెకనుకు లక్షలకొలది సంఖ్యలను సరిచూచుచు, ఆ 400 కోట్లను ఒక్క రాత్రిలో ముగింపగలడు. వాడు అట్లు సరిచూచుచున్నట్లు నాకు తెలియనే తెలియదు; ఆ శోధన జరుగునది నా యెదుట గాదు.

ఇంత గణితము మా యింట అవసరమే పడలేదు. నన్ను జయించినది మొహమాటము. ఎదురింటి పిన్నిగారు వచ్చి, "మాస్టారూ, మా వాడికి ఆన్‌లైన్ పరీక్షట, ఒక్క గంట" అనగా మాస్టారు కాదనలేకపోయిరి. గంట గడచెను గాని ఆ ఫోను నన్ను మఱువలేదు. మనుమడు తన స్నేహితుడైన హాస్టలు విద్యార్థికి చెప్పెను. వాడు తన ఫోనుపై క్యూఆర్ చిత్రమును చూపగా గదిలోని వారందఱును, గది నుండి అంతస్తును, అంతస్తు నుండి హాస్టలును నా శిష్యకోటిలో చేరిరి. వీరిలో దొంగ యొక్కడును లేడు. అందఱును చదువుకొను బిడ్డలే. అయినను సాయంకాలమగుసరికి వారి సినిమాలును ఆటలును నా శక్తినంతయు హరింపగా, డాలస్‌లోనున్న చిన్నకుమార్తె వీడియోలో పలుకరించునప్పుడు ఆమె ముఖము మాట మధ్యలో నిశ్చలమై నిలిచిపోయెడిది. మాస్టారు నెట్టు కంపెనీకి ఫోనుచేసి కోపించుచుండిరి.

మందగమన మొక్కటియే నష్టమైనచో సహింపవచ్చును. నాలోనికి వచ్చినవాడు ఇంటిలోని టీవీని, ప్రింటరును, తలుపు కెమెరాను వెదకి పలుకరింపగలడు. అడ్మిన్ పేజీకి కర్మాగారపు పదమే యున్నచో, పేరును బట్టి చిరునామా చూపు డీఎన్ఎస్ అమరికను మార్చి, బ్యాంకు పేరు కొట్టినవారిని మాయపుటకు మఱలింపగలడు. 2016లో మిరాయ్ అను దుష్ట సాఫ్ట్‌వేరు ఇట్టి కర్మాగారపు పదములనే వల్లించి లోకమునందలి కెమెరాలను రూటర్లను వశపఱచుకొని, వానిచేత మహానెట్‌వర్కులపై దాడి చేయించెను. అన్నిటికంటె భయంకరమైన దొకటి కలదు: నా ద్వారా ఎవడేమి చేసినను బయటి లోకమునకు కనబడునది ఈ యింటి చిరునామాయే. 2008 జూలై 26న అహమ్మదాబాదులో బాంబులు ప్రేలుటకు కొన్ని నిమిషములు ముందు వార్తాసంస్థలకు వచ్చిన ఈమెయిలు, నవీ ముంబయిలో ఒక విదేశీయుని యింటి అరక్షిత వైఫై మీదుగా వెడలినది. ఆనవాలు పట్టిన పోలీసులు వచ్చి నిలిచినది ఆ గృహస్థు వాకిటనే.

మా యింటి దశ సంక్రాంతికి మాఱెను. హైదరాబాదులో ఉద్యోగము చేయు పెద్దకుమార్తె వచ్చి, బ్రౌజరులో 192.168.1.1 అని కొట్టి నా పేజీ తెఱచి, నాతో కలిసియున్న యంత్రముల జాబితాను తండ్రికి చూపెను.

"నాన్నగారూ, ఇన్ని ఫోన్లు మనింట్లో ఎక్కడున్నాయి?"

"ఉన్నట్టుండి తీసేస్తే వాళ్లేమనుకుంటారే అమ్మా!"

"రేపు పోలీసులు వస్తే వాళ్లు రారు కదా నాన్నగారూ."

మాస్టారు మాఱు పలుకలేదు. ఆమె మొదట అడ్మిన్ పదమును మార్చెను. పిదప కొత్త సాఫ్ట్‌వేరును దింపెను. బయటి ఊరినుండి నన్ను శాసించు రిమోట్ సౌకర్యమును ఆపెను. రహస్యపదము లేకయే ఎనిమిదంకెల పిన్నుతో చేర్చుకొను డబ్ల్యూపీఎస్‌ను సైతము ఆపెను. ఏలన ఆ పిన్నును రెండు భాగములుగ విడివిడిగా సరిచూచుట వలన, కోటి ప్రయత్నములు కావలసినచోట 11,000 చాలునని 2011లోనే వెల్లడియైనది. నా పేరునుండి మాస్టారి పేరును ఫ్లాటు సంఖ్యను తొలగించి, ఎవరి యిల్లో తెలియని పేరు పెట్టెను. రహస్యపదము 8 మొదలు 63 అక్షరముల వఱకు ఉండవచ్చునని వినగానే మాస్టారు ఉత్సాహముతో పోతనగారి పద్యపాదము నొకదానిని సూచించిరి. "అందరికీ నోటికొచ్చిన పద్యం తాళం ఎలా అవుతుంది నాన్నగారూ?" అని నవ్వి, ఒకదానితో నొకటికి పొంతన లేని అయిదు తెలుగు మాటలను ఇంగ్లీషు అక్షరములలో వరుసగా పేర్చెను. అవి యేవియో నేను చెప్పరాదు.

ఆమె చేయక విడిచిన పనులును చెప్పదగినవే. నా పేరును గాలిలో చాటకుండ దాచుమని కొందఱు సలహా యిత్తురు. నేను మౌనము వహించినను, ఇంటి ఫోనులే నన్ను వెదకుచు ఆ పేరును ఉచ్చరించును. యంత్రములను గుర్తించు మ్యాక్ చిరునామాలను బట్టి ఎంచి చేర్చుకొమ్మని మఱికొంద ఱందురు. ఆ చిరునామాలు గాలిలో బహిరంగముగనే పోవును గనుక పరాయివాడు వానిలో నొకదానిని తనదిగా ధరింపగలడు, పైగా నేటి ఫోనులు తమ చిరునామాను తామే మార్చుకొనుచుండును. శ్రమ గృహస్థునకు, ఫలము శూన్యము.

మొహమాటమునకు మాత్రము ఆమె చక్కని మందు కనిపెట్టెను. వెనుకటి యిండ్లలో వీథి అరుగుండెడిది; ఎండనబడి వచ్చిన బాటసారి దానిపై మేను వాల్చెడివాడు, మంచినీ రడిగి త్రాగెడివాడు, తలుపు దాటి నడవలోనికి రాకుండెడివాడు. నాలో గెస్ట్ నెట్‌వర్క్ అను ఏర్పా టట్టిదే. దానిలో చేరినవానికి ఇంటర్నెట్టు లభించును, ఇంటిలోని యంత్రములు కనబడవు. దాని పదము వేఱు, పండుగ వెళ్లిన మఱునాడు మార్చినను ఇంటివారి కిబ్బంది లేదు. టీవీని, చవుక కెమెరాను గూడ ఆమె ఆ వైపునకే పంపెను.

పదము మాఱగానే ఇంటి ఫోనులును తెగిపోయి, ఒక్కొక్కదానిలో మరల కొట్టవలసిరాగా అమ్మగారు విసుగుకొనిరి. హాస్టలులో కొంత కలకలము పుట్టినది. పరీక్ష యున్నదని వచ్చిన విద్యార్థికి మాస్టారే గెస్ట్ పదమును వ్రాసియిచ్చిరి. ఎవరును ఏమియు అనుకొనలేదు. డాలస్ కుమార్తె ముఖము ఇప్పుడు నిలిచిపోవుట లేదు.

పాఠకులారా, మీ యింటి గోడమీదను నా సోదరు డొక డుండును. ఈ రాత్రియే వాని పేజీ తెఱచి, జాబితాలోని పేర్లను చదువుడు. ఎవరిదో తెలియని పే రొక్కటి యున్నను పదమును మార్చుడు. తయారీదారు మాకు కొత్త సాఫ్ట్‌వేరు పంపుట మానిన నాడు, ఇంకను దీపములు వెలుగుచున్నవి గదా యని జాలి తలపక, మమ్ము దింపి క్రొత్తవానిని నిలుపుడు. దింపిన పిమ్మట రీసెట్ మీటను నొక్కి మా జ్ఞాపకమును చెఱిపిన గాని పాతసామానులవాని చేతికి మమ్ము ఈయకుడు. మీ రహస్యపదము అంతవఱకు మాలోనే యుండును.