పన్నెండు పలుకుల సీసం ముక్క

నేను సీసం ముక్కని. ఒంట్లో కాస్త యాంటిమొనీ, తగరం ఉన్నా అందరూ సీసమనే అంటారు. నా తలమీద ఒక కంజి, అంటే జపాన్ రాతలోకి చైనా నుంచి వచ్చిన అక్షరం, తిరగేసి పోతపోసి ఉంది. మూడు అడ్డగీతలు, వాటిని గుచ్చుతూ దిగే ఒక నిలువుగీత, ఎడంపక్క పైన ఒక చిన్న వాలుగీత. ఆ వాలుగీతే లేకపోతే నన్ను అద్దంలో చూసినా నేరుగా చూసినా ఒక్కటే.

నేలలోంచి పైకొస్తున్న మొలక బొమ్మే నాకు మూలరూపం. పుట్టడం, బతకడం, మొలవడం, పచ్చిగా ఉండడం, ఈ అర్థాలన్నీ ఆ మొలకలోంచి వచ్చినవే. జపాన్‌లో ఒకటో తరగతి పిల్లలు నేర్చుకునే 80 కంజిల్లో నేనూ ఉన్నాను. రాయడం తేలికే. చదవడం దగ్గరే పెద్దవాళ్ళు కూడా ఆగిపోతారు.

ఉండేది తోక్యోలో, ఓ చిన్న ప్రెస్సులో. విలియం గాంబుల్ అనే అమెరికన్ 1869లో షాంఘై నుంచి నాగసాకి వచ్చి మొతోకి షోజోకి అచ్చులు చేసే విద్య నేర్పాడు. మా పుట్టుపూర్వోత్తరాలు అక్కడ మొదలు. రోజూ పనిపడే అక్షరాల్ని చేతికందే కేసుల్లో పెడతారు, నా గది అక్కడే. ఎడంచేతిలో రాతప్రతి, చిన్న చెక్కపెట్టె పట్టుకుని కుడిచేత్తో టక్కున నన్ను తీసేవాళ్ళు ఒకప్పుడు ఎందరో ఉండేవారు.

పనికి కొత్తగా చేరిన కుర్రాడు ఒకడు నన్ను వేళ్ళ మధ్య పట్టుకుని పెద్ద కంపోజిటర్‌ని అడిగాడు, "ఇది ఎలా చదవాలండీ?"

"పక్కన ఏముంది?" అన్నాడాయన, తల ఎత్తకుండానే.

నా గురించి అంతకంటే బాగా ఎవరూ చెప్పలేదు. చైనా నుంచి నాతోపాటు వచ్చిన పలుకులు రెండు. 'షో' ముందొచ్చింది, బౌద్ధంతో. తర్వాత చైనాలో తాంగ్ వంశపు రాజధానికి వెళ్ళొచ్చినవాళ్ళు 'సెయ్' తెచ్చారు. కొత్తది వచ్చిందని పాతదాన్ని ఎవరూ పారేయలేదు. గురువుని 'సెన్సెయ్' అన్నప్పుడు నేను సెయ్. జీవితకాలాన్ని 'ఇష్షో' అన్నప్పుడు షో. పుట్టినరోజు 'తంజోబి'లో ఆ షో కూడా మెత్తబడి జో అవుతుంది.

ఇక జపాన్ సొంత పలుకులు. వాటికి నా వెనక వచ్చే హిరగానా తోకలే ఆనవాలు; హిరగానా అంటే పలుకుని ఉన్నదున్నట్టు రాసే జపాన్ లిపి. వెనక 'కిరు' ఉంటే 'ఇకిరు', బతకడం. 'మరెరు' ఉంటే 'ఉమరెరు', పుట్టడం. 'ఎరు' ఉంటే 'హయెరు', గడ్డో పళ్ళో మొలవడం. తోక లేనప్పుడే తంటా. పచ్చి గుడ్డు ముందు నేను 'నమ'. సోయాసాస్ ముందు నిలబెడితే? 'నమజోయు' అంటే వేడిచేయనిది, 'కిజోయు' అంటే వేరే రుచులేవీ కలపనిది. రాతలో రెండూ ఒకటే! సీసా కొనేవాళ్ళు ఏది తీసుకెళ్తున్నారో నాకెప్పుడూ అనుమానమే.

ఈ గొడవకి పాతకాలంలో మందు ఉండేది. అక్షరం పక్కన దాని పలుకుని పిసరంత హిరగానాలో పెట్టేవారు. దాన్ని ఫురిగానా అంటారు, ప్రెస్సువాళ్ళు మాత్రం రూబీ అంటారు. ఇంగ్లండు ప్రెస్సుల్లో ఒక చిన్న సైజు టైపుకి ఉన్న పేరది. పత్రికలవాళ్ళయితే రూబీని అక్షరంతో కలిపే పోతపోయించేవారు. చాలా అక్షరాలకి ఒకటో రెండో ముక్కలు సరిపోయేవి. నాకు మాత్రం పలుకుకొకటి కావాలి. ఖర్చెక్కువ మనిషినని అప్పటినుంచే పేరు.

1946లో ప్రభుత్వం 1850 కంజిల జాబితా వేసి, ఫురిగానా మామూలుగా వాడొద్దంది. 1948లో ఏ అక్షరానికి ఏ పలుకులో కూడా తేల్చింది. ఇప్పటి జాబితా 2010 నాటిది, 2136 అక్షరాలు. అందులో నా వాటా పన్నెండు పలుకులు: చైనావి రెండు, ఇక్కడివి పది. జాబితాలు వేసేవాళ్ళు మనుషుల పేర్ల జోలికీ ఊళ్ళ పేర్ల జోలికీ రాలేదు. మంచి పనే చేశారు, వస్తే ఇంకా అక్కడే కూచుని ఉండేవాళ్ళు. తోక్యో పడమటి ఊరు ఫుస్సాలో 'స్సా'ని నేనే. గున్మాలోని కిర్యూలో 'ర్యూ'ని. క్యోతోలోని మిబులో 'బు'ని.

నా ముందు 'రెక్క' అక్షరం చేరితే మరీ చిత్రం. 1996లో షోగి అనే జపాన్ చదరంగంలో ఏడు బిరుదులూ ఒకేసారి గెలిచి పట్టుకున్న యోషిహరు ఇంటిపేరు హబు. 2014లోనూ 2018లోనూ ఒలింపిక్ స్కేటింగ్ బంగారాలు గెలిచిన యుజురు ఇంటిపేరు హన్యూ. ఇద్దరివీ అవే రెండు అక్షరాలు. ఇక్కడ పక్కన ఏముందని అడిగినా లాభం లేదు.

అప్పటి కుర్రాడే ఇప్పుడు ప్రెస్సు నడుపుతున్నాడు. ఈమధ్య విజిటింగ్ కార్డుల ఆర్డరు ఒకటి వచ్చింది, అదే ఇంటిపేరు. ఫోన్ చేసి అడిగాడు.

"హబు అండి. రూబీ పెట్టించండి, లేకపోతే స్కేటింగ్ చేస్తారా అని అడుగుతున్నారు."

"పెడతాం," అని నన్ను కేసులోంచి తీశాడు.