చెట్ల డాక్టరు

మెదక్ రాందాస్ చౌరస్తాలో ఏ చాయ్ బండి దగ్గర నిలబడి "చెట్టు కొట్టేటాయన ఎవరన్నా ఉన్నరా" అని అడిగినా నా నంబరే చెబుతారు. పేరు మాత్రం చెప్పరు. వాళ్లకు నేను కోతమిషనాయన్ని. గాలివానకు కొమ్మ విరిగి రేకుల మీద పడ్డ రోజు గుర్తొస్తాను, మిగతా రోజుల్లో ఊళ్లో ఉన్నానో లేనో కూడా ఎవరికీ పట్టదు.

నా ఆస్తి చెప్పమంటే పెద్ద లిస్టేం కాదు. రెండు కోతమిషన్లు, ఒక మోకు, రెండు నైలాన్ తాళ్లు, కిస్తీలు తీరని ట్రాలీ ఆటో, చెట్టెక్కే ఒక అన్న. అన్నింట్లోకి విలువైనది ఆ చివరిదే. ముప్పై ఏళ్లు కల్లు గీసిన మనిషి, గీసే తాళ్లు తగ్గిపోతే నా దగ్గరికొచ్చాడు. ఏ చెట్టెక్కినా చివరికి చేరగానే ఒకసారి చర్చి వైపు చూస్తాడు. 175 అడుగుల గోపురం, ఆకుల సందులోంచైనా కనబడుతుంది. "ఇంకా దానికన్న కిందనే ఉన్న, భయం లేదు" అని అరుస్తాడు పైనుంచి. 1924లో పూర్తయిన ఆ చర్చిని కరువు రోజుల్లో జనానికి పని చూపించి కడుపు నింపడానికే కట్టించారని చెబుతారు. మెతుకుసీమలో మెతుకు కోసం ఎత్తులెక్కినవాళ్లలో మా అన్న మొదటివాడేం కాదు.

2024లో సర్కారు గీత కార్మికులకు కాటమయ్య రక్షణ కవచం పేరుతో బెల్టు, తాళ్లు ఉన్న కిట్లు ఇవ్వడం మొదలుపెట్టింది. అన్నకూ ఒకటి వచ్చింది. తీసుకెళ్లి దేవుడి పటం కింద పెట్టి పసుపు కుంకుమ బొట్టు పెట్టాడు. కాటమయ్య పేరున్న వస్తువును నడుముకు కట్టి చెమట పట్టిస్తే దోషమట. వాళ్లావిడా నేనూ కలిసి ఆరు నెలలు పోట్లాడితే గాని దాన్ని పటం కిందినుంచి లేపలేకపోయాం.

ఈ దందాలో కోయడమనేది చాలా చిన్న పని. కోతకు ముందు జరిగేదే అసలు దందా. 2002లో వాల్టా చట్టం వచ్చాక సొంత పెరట్లో చెట్టయినా అనుమతి తీసుకోవాల్సిందే. ఓనర్లకు ఆ మాట చెబితే "మా తాత పెట్టిన చెట్టుకు మధ్యల వాళ్లెవరు" అంటారు. రేపు ఎవరైనా ఫిర్యాదు చేస్తే మిషను సీజయ్యేది నాది, తాతది కాదు. కొమ్మ కరెంటు తీగల మీదికి వంగి ఉంటే సబ్‌స్టేషన్ నుంచి ఎల్సీ, అంటే లైన్ క్లియర్, కావాలి. లైన్‌మన్ పదకొండింటికి కరెంటు తీస్తాడు. పదకొండూ పదికల్లా ఎదురింటి ఆమె బయటికొచ్చి "గ్రైండర్ల పిండి సగంల ఉన్నది, ఎప్పుడిస్తరు" అని నా మీద పడుతుంది. శివరాత్రికి ఏడుపాయల జాతరంటే మనుషులు దొరకరు. అమావాస్యకు వేప జోలికి పోరు. ఇవన్నీ దాటి మిషను స్టార్ట్ చేస్తే పైన తేనెతుట్టె ఉంటుంది.

రోడ్డు పక్క చెట్లతో ఇంకో బాధ. ట్యూషన్ బోర్డులు, ప్లాట్ల బోర్డులు మేకులతో కొడతారు. బోర్డు ఊడిపోతుంది, మేకు ఉండిపోతుంది. నాలుగేళ్లకు చెట్టు బెరడు దాన్ని మింగేస్తుంది. మనకు కనిపించదు. చైను అక్కడికి రాగానే నిప్పురవ్వలు లేస్తాయి. ఆ రోజు సంపాదన ఆకురాయికీ కొత్త చైనుకీ సరి.

అన్నింటికన్నా పెద్ద పంచాయితీ కట్టెది.

"చెట్టు కొడితే ఎంతిస్తవ్?" అంటాడు ఓనరు.

"నేనిచ్చుడేంది సార్, మీరే నాకియ్యాలె."

"గంత కట్టె వస్తది గదా!"

చింత, వేప అయితే ప్రతి రెమ్మకూ లెక్క చెప్పాలి. గుల్మొహర్ అయితే మాత్రం ఎక్కడలేని దానగుణం పుట్టుకొస్తుంది. "మొత్తం నువ్వే తీసుకపో, మాకేం వద్దు" అంటారు. ఆ గుల్లకట్టెను ఎవరూ కొనరు. ట్రాలీ డీజిలు నాది, పారబోసే చోటు వెతుక్కునే తిప్పలూ నాదే.

ఇలాంటి నాకు డాక్టరు కావాలన్న బుద్ధి 2018లో పుట్టింది. మహబూబ్‌నగర్ పిల్లలమర్రికి చెదలు పట్టిన సంవత్సరం అది. ఏడు వందల ఏళ్ల మర్రి అంటారు దాన్ని, మూడెకరాలు పరుచుకుంది. ఒక కొమ్మ కూలిపోయాక మనుషుల్ని లోపలికి రానివ్వడం ఆపేసి వైద్యం మొదలుపెట్టారు. మొదట మాను మీద రంధ్రాలు చేసి మందు పోస్తే వెనక్కి కారిపోయిందట. అప్పుడు ఎవరికో ఆలోచన వచ్చి ఆసుపత్రిలో లాగా సెలైన్ బాటిళ్లలో మందు నింపి, కొమ్మలకు వేలాడదీసి, చుక్క చుక్కగా ఎక్కించారు. పేపర్లో ఆ ఫోటో చూసి అరగంట అలాగే కూర్చున్నాను. కత్తిరించి షెడ్డు గోడకు అతికించుకున్నాను. వారం తిరక్కుండానే "చెట్లు కొట్టబడును" అన్న నా బోర్డు కింద పెయింటర్‌తో ఇంకో లైను రాయించాను: "చెట్లకు వైద్యం చేయబడును".

ఆ రెండో లైను చూసి నవ్వినవాళ్లే తప్ప పిలిచినవాళ్లు లేరు. నేనే అడక్కుండా వైద్యం చేసేవాణ్ని. కొమ్మ తీసేటప్పుడు ముందు కిందినుంచి ఒక గాటు పెట్టి తర్వాత పైనుంచి కోయాలి. లేకపోతే పడే కొమ్మ తన బరువుతో మాను బెరడును చీల్చుకుంటూ పోతుంది, చర్మం ఒలిచినట్టు. కొమ్మ మొదట్లో చిన్న ఉబ్బు ఉంటుంది, దాన్ని వదిలి కోస్తే చెట్టు తన గాయాన్ని తనే మూసుకుంటుంది. ఇదంతా ఓనరుకు చెప్పబోతే "జల్ది కానీ, మళ్ల కరెంటొస్తది" అనేవాడు.

2021 వానాకాలం తర్వాత వేపలకు తెగులొచ్చింది గుర్తుందా? రాష్ట్రమంతా వేపచెట్లు కొసల నుంచి మాడిపోతూ వచ్చాయి. నా ఫోను తెల్లారిందాకా మోగేది. "వేప ఎండిపోయింది, ఇంటికి అరిష్టం, కొట్టెయ్" అని. కొట్టి ఉంటే ఆటో కిస్తీలు ఒక్క సీజన్లో తీరిపోయేవి. శాస్త్రవేత్తలు ఇది ఫంగసు, మళ్లీ చిగురిస్తాయని చెప్పిన మాట పేపర్లో చదివి, "ఉగాది దాకా ఆగండి, చిగురు రాకపోతే పైసలు తీసుకోకుండా కొడత" అని ఒక్కొక్కరికీ చెప్పాను. ఉగాదికి పచ్చడిలోకి పువ్వు దొరికింది. నాకు కిస్తీ మిగిలింది.

కానీ మాట ఊళ్లో తిరిగింది. మొన్న ఫిబ్రవరిలో ఒక ఫోను. "ఉగాది దాకా ఆగమని చెప్పింది మీరే కదా? చెట్లకు సెలైన్ కూడా పెడతారట." బోర్డు రాయించిన ఇన్నేళ్లకు మొదటి పేషెంటు! ఇస్త్రీ చొక్కా వేసుకుని వెళ్లాను.

రిటైరైన సారు. ఇల్లు మెయిన్ రోడ్డు మీదే. మెదక్ జిల్లా కలెక్టరాఫీసు ఒకప్పుడు సంగారెడ్డిలో ఉండేది. 2016లో జిల్లాలు విడగొట్టాక మా ఊరే జిల్లా కేంద్రమైంది, 2022లో రైలూ వచ్చింది. అప్పట్నుంచి ఈ రోడ్డు మీద ఖాళీ జాగ అన్నది కంటికి ఆనడం లేదు. ఈ ఇంటి ముందు మాత్రం వేపచెట్టు, దాని కింద నులకమంచం, మంచం మీద సారు వాళ్లమ్మ. ఎనభై దాటి ఉంటాయి.

"నువ్వేనా బిడ్డా చెట్ల డాక్టరువి?" అంది. "నా కొడుకు బంగారం. చెట్టుకు గూడ డాక్టరును పిలిపిచ్చిండు. ఈడు పుట్టకముందెన్నడో మా ఆయన పెట్టిండు దీన్ని."

మాను చుట్టూ తిరిగాను. ఇద్దరం చేతులు చాస్తే గాని అందని మొదలు. గొడ్డలి మడమతో నాలుగువైపులా కొట్టి చూశాను. డొల్ల చప్పుడు ఎక్కడా లేదు. చెదలు లేవు, జిగురు కారడం లేదు. నిలువెత్తు కన్నా పైన, రోడ్డు వైపు కొమ్మకు ఏదో తుప్పు రంగు మచ్చ. నిచ్చెనేసి చూస్తే ఇనుప గొలుసు. కొమ్మ దాన్ని మొత్తం మింగేసి ఒక్క కడియం మాత్రం బయటికి వదిలింది.

"ఉయ్యాల గొలుసు బిడ్డా అది," కింద నుంచి చెప్పింది అమ్మ. "ఈడు రాత్రంత ఏడ్సెటోడు. చెట్టుకు ఊపితెనే పండుకునేది."

రోగం దొరికింది. మాను అంచు దాకా సిమెంటు పోసి టైల్స్ అతికించారు. వేళ్లకు నీళ్లు లేవు, గాలి లేదు. అందుకే ఒక కొమ్మ కొస ఎండింది, అంతే. సారుతో అదే చెప్పాను. "చుట్టూ మూడడుగులు టైల్స్ తీపియ్యండి సార్. ఎండిన కొస నేను తీసేస్త. మందు అక్కర్లేదు."

"బాటిల్ పెట్టరా?"

"దేనికి సార్? చెదలు లేవు కదా."

"కాదు, బాటిల్ ఉండాలి. నాలుగు పెట్టండి, అమ్మకు కనిపించేటట్టు." తర్వాత గొంతు తగ్గించి అడిగాడు. "ఇట్లాగే వదిలేస్తే ఇంకా ఎన్నేళ్లుంటుంది?"

"దీనికేం సార్, మనల్నందర్నీ సాగనంపి ఉంటది."

సారు ముఖం వాడిపోయింది. పెద్దావిడ ముందు చావు మాటెత్తానని నాలుక కరుచుకున్నాను.

ఆయన లోపలికి వెళ్లగానే అమ్మ కొంగుముడి విప్పింది. నాలుగు మడతలు పెట్టిన రెండు వందల నోటు నా చొక్కా జేబులో తనే పెట్టింది. "వాడు ఇచ్చేది వాడిస్తడు. ఇది నాది. పైసలకు చూడకు, మంచి మందెయ్యి." మందు అక్కర్లేదమ్మా అంటే వినలేదు. సరే, బాటిల్ చూస్తే ఆ ముసలి ప్రాణం కుదుటపడుతుందని సారు ఆలోచన కాబోలు, ఎంత మంచి కొడుకు అనుకున్నాను. ఉత్త నీళ్లే ఎక్కిద్దామని కూడా నిర్ణయించుకున్నాను. నీళ్లతో చెట్టుకు పోయేదేముంది?

సారు నన్ను లోపలి గదిలోకి పిలిచి తలుపు దగ్గరగా వేశాడు. ఫ్యాను గాలికి టేబుల్ మీద పెద్ద కాగితం ఒకటి లేస్తోంది. దాని మీద పేపర్‌వెయిటు పెట్టబోతూ చూశాను. ఇంటి ప్లాను. రోడ్డు వైపు వరసగా ఐదు మడిగెలు. గేటు నుంచి అడుగులు లెక్కపెట్టుకుంటే, వేపచెట్టు ఉన్న చోట మూడో మడిగె షట్టరు.

"పచ్చగా ఉన్నన్నాళ్లు అమ్మ దాని మీద చెయ్యి వెయ్యనియ్యదు," అన్నాడు సారు. "రోగమొచ్చి దానంతటదే ఎండిపోయిందనుకోండి, నాలుగు రోజులు ఏడ్చి ఊరుకుంటుంది."

నాకు నోట మాట రావడానికి కొంచెంసేపు పట్టింది. "నేను చెట్లు కొడత సార్. మందు పెట్టి చంపుడు నాతోని కాదు."

"అయ్యో, ఆ పాపం మీకెందుకండీ?" అని ఒక కవరు నా వైపు జరిపాడు. "ఇందులో ఇరవై వేలున్నాయి. మీరు ఉత్త నీళ్లే నింపి బాటిళ్లు తగిలించి వెళ్లండి. రేపట్నుంచి వాటిలో ఏం పోయాలో నేను చూసుకుంటా. మీరు కట్టిన బాటిలంటే అమ్మ అనుమానపడదు. ఆమెకు మీ మీద బాగా గురి కుదిరింది."