శాలువా కప్పాం కదా, ఇంకేం కావాలి?

మా కాలనీలో అక్టోబరు 2 వచ్చిందంటే రోడ్లు ఊడ్చేవాళ్లకు గండమే. తెల్లారకముందే చీపురు పట్టి పని ముగించుకుని, పదింటికల్లా కమ్యూనిటీ హాలుకొచ్చి సన్మానం చేయించుకోవాలి. రానివాళ్ల మీద కమిటీకి మహా కోపం. పిలిచి గౌరవిస్తామంటే వాళ్లకేం పోయేకాలమని.

శాలువాల బేరం ఏటా నాదే. ఈసారి ఏడు శాలువాలు, ఒక్కోటి 140 రూపాయలు. గేటు దగ్గర ఫ్లెక్సీకి మాత్రం 1,800. అందులో గాంధీగారు గోరంత, మా అధ్యక్షుడు కొండంత. ఆ డబ్బుతో ఏడుగురికీ రబ్బరు చేతొడుగులు వచ్చేవని మనసులో లెక్క కట్టాను గానీ పైకి అనలేదు. లెక్కలడిగినవాడు మరుసటేడు కమిటీలో ఉండడు.

2019 ఫిబ్రవరిలో ప్రయాగరాజ్ కుంభమేళాలో ప్రధానమంత్రి అయిదుగురు పారిశుద్ధ్య కార్మికుల కాళ్లు కడిగారు. అది టీవీలో చూసినప్పటి నుంచి మా అధ్యక్షుడికీ ఆ ముచ్చట పట్టుకుంది. సరిగ్గా ఆ వేళకు నీళ్ల ట్యాంకరు రాక, ఏటికేడు వాయిదా పడుతోంది.

"మీరు మనుషులు కాదు, దేవుళ్లు!" అన్నారాయన మైకులో. నిజమే మరి. మనుషులంటే నెలనెలా జీతం, వారానికో సెలవు అంటారు. దేవుళ్లయితే ఒక కొబ్బరికాయతో సరి.

అందరిలోకీ పెద్దావిడ శాలువా మడిచి చంకలో పెట్టుకుని మైకు దగ్గరకొచ్చింది. "శాలువా బాగుంది సార్. రెండు నెలలుగా జీతం పడలేదు. పీఎఫ్ కోసుకుంటున్నారు గానీ ఖాతాలో కనపడట్లేదు. కాంట్రాక్టరు మా మాట వినడు. మీరు పెద్దోళ్లు, ఒక కాయితం రాసి తలా ఒక సంతకం పెట్టండి."

హాలంతా నిశ్శబ్దం. శాలువా 140 రూపాయలు, సంతకం ఉచితం. ఇద్దరు రిటైర్డు ఆఫీసర్లు, ఒక ఆడిటరు, ఒక వకీలు ఉన్న ఆ సభలో ఒక్కరి జేబులోనూ పెన్ను లేదు!

"ఇలాంటి వేదిక మీద రాజకీయాలొద్దమ్మా" అని అధ్యక్షుడు తేరుకుని, అక్కడికక్కడే తలా పది కిలోల బియ్యం ప్రకటించారు. చప్పట్లు మోగిపోయాయి. ఆవిడ అడిగింది తన డబ్బు. మేం ఇచ్చింది మా బియ్యం. మా బియ్యమైతే ఫొటో వస్తుంది. తన డబ్బు తనకు ఇప్పిస్తే ఫొటోలో ఎవరు నిలబడాలి?

మా వీధి ఊడ్చేది ఇద్దరు. ఒకాయన పర్మినెంటు, ఈవిడ అవుట్‌సోర్సింగు. దుమ్ము మటుకు ఇద్దరికీ సమానంగానే పంచారు. తాత్కాలిక ఉద్యోగులకైనా సమాన పనికి సమాన వేతనం ఇవ్వాలని సుప్రీంకోర్టు 2016లోనే చెప్పింది. తీర్పు మీద మా వీధి చిరునామా రాయడం మరిచిపోయారేమో.

నెల తిరక్కుండానే మా సెప్టిక్ ట్యాంకు పొంగింది. లారీతో వచ్చిన కుర్రాడు మొన్న మేం శాలువా కప్పిన ఏడుగురిలో ఒకడు. పైపుకు ఏదో అడ్డం పడింది. "ఒక్క నిమిషం దిగి తీసెయ్ బాబూ, అయిదొందలు ఎక్కువిస్తాం" అన్నారు మా కార్యదర్శి, ముక్కుకు రుమాలు అడ్డం పెట్టుకుని.

"దిగను సార్. 2013 చట్టం ఉంది. రక్షణ సామగ్రి లేకుండా దింపినోళ్లకు రెండేళ్ల దాకా జైలు, రెండు లక్షల దాకా జరిమానా" అన్నాడు వాడు తాపీగా. ఆ పైన మాకు తెలియని సంగతి కూడా చెప్పాడు: మురుగులో దిగి చనిపోయినవాళ్ల కుటుంబాలకు 2014లో పది లక్షలన్న సుప్రీంకోర్టు, 2023లో దాన్ని 30 లక్షలు చేసిందట. కాసేపు ఆగి, "మా అమ్మకు 30 లక్షలొద్దు సార్, నేను చాలు" అన్నాడు.

లారీ వెళ్లిపోయింది. ట్యాంకు పొంగుతూనే ఉంది. కార్యదర్శి నా వైపు తిరిగి, "చూశారా? కాస్తయినా మానవత్వం లేదు ఈ కాలం పిల్లలకు!" అని నిట్టూర్చారు. ఆ సాయంత్రమే ఫోను చేశారు. వచ్చే ఏటికి ఆరు శాలువాలు చాలట.