ఆగరాదు, దిగరాదు, పెట్టరాదు

వర్షారణ్యం గుండా రోడ్డు ప్రయాణం అనగానే సగటు సికింద్రాబాద్ కుటుంబం ఊహించుకొనే దృశ్యంలో అడవి ఎక్కడో ఒక మూలన ఉంటుంది. నడిమధ్యన మాత్రం చెట్టు కింద పరచిన దుప్పటి, దాని మీద మూత తీసిన పులిహోర డబ్బా, డబ్బాతో సహా అందరూ పడేటట్లు ఫోటో తీయడానికి వెనక్కి వెనక్కి నడుస్తున్న ఇంటిపెద్ద ఉంటారు. మన దేశంలో ఇటువంటి ప్రయాణానికి పేరెన్నికగన్న అండమాన్ ట్రంక్ రోడ్డు, ఈ దృశ్యంలో అడవిని తప్ప మిగిలినదంతా చట్టరీత్యా కొట్టివేసింది.

2024లో శ్రీ విజయపురంగా పేరు మారిన పోర్ట్ బ్లెయిర్ నుంచి బారాటాంగ్, రంగత్, మాయాబందర్‌ల మీదుగా డిగ్లీపూర్ దాకా దీవి తరువాత దీవిని దాటుతూ సాగే ఈ రోడ్డును అక్కడివారు ఏటీఆర్ అంటారు. వర్షారణ్యం అంటే ఏడాదిలో ఎక్కువ కాలం వాన కురిసే చోట, ఎండ కోసం ఒకదానినొకటి మించి ఎదిగే చెట్లు అంతస్తులు అంతస్తులుగా పెరిగిన దట్టమైన అడవి. అండమాన్‌లో ఏటా సుమారు 3,000 మిల్లీమీటర్ల వాన పడుతుంది. సికింద్రాబాద్‌లో పడేది సుమారు 800. ఆ 800కే మోకాటి లోతు నీళ్లలో బండి తోసుకొంటూ వెళ్ళడం అలవాటైన మనిషి, అంతకు మూడున్నర రెట్లకు పైగా వానను చప్పుడు లేకుండా మింగేసే గర్జన్, పడౌక్ చెట్లను చూసినప్పుడు, ఇక్కడ నాలాలను ఎవరూ కబ్జా చేయలేదు కాబోలునని నిట్టూర్చడం సహజమే.

అయితే అడవికన్నా ముందు అతడిని పరీక్షించేది గడియారం. అండమాన్ దీవులు సికింద్రాబాద్‌కు సుమారు పద్నాలుగు డిగ్రీలు తూర్పున ఉన్నాయి. భూమి ఒక్కొక్క డిగ్రీ తిరగడానికి నాలుగు నిమిషాలు పడుతుంది కనుక అక్కడ సూర్యుడు దాదాపు గంట ముందే వస్తాడు, గడియారం మాత్రం రెండు చోట్లా భారత ప్రామాణిక కాలాన్నే చూపుతుంది. అడవిలోకి వాహనాలను వదిలే జిర్కాటాంగ్ చెక్‌పోస్టు గేటు పొద్దున ఆరు గంటలకు తెరుచుకొంటుంది, వరుసలో ముందుండాలంటే ఊళ్లోంచి మూడింటికే బయలుదేరాలి. సికింద్రాబాద్ వాసికి మూడు గంటలంటే నిద్ర లేచే వేళ కాదు, ఎవరి బారాత్ నుంచో వచ్చి పడుకొనే వేళ. కంటోన్మెంటు ప్రాంతంలో రాత్రిళ్ళు మూసుకొనే సైనిక రోడ్ల దగ్గర పుట్టి పెరిగిన అనుభవం మాత్రం ఇక్కడ అక్కరకు వస్తుంది. గేటు ముందు నిలబడి, దానిని ఎందుకు మూశారని అడగకుండా, ఎప్పుడు తీస్తారని మాత్రమే అడిగే సంస్కారం అతడికి ఉగ్గుపాలతోనే అబ్బింది.

గేటు తీశాక వాహనాలు కాన్వాయ్‌గా, అంటే పోలీసు కాపలాతో ఒకదాని వెనుక ఒకటిగా బారు తీరి కదులుతాయి. గంటకు 40 కిలోమీటర్లు మించరాదు, ముందు బండిని దాటరాదు, ఆగరాదు, దిగరాదు, కిటికీలోంచి ఫోటో తీయరాదు, దారిలో కనబడినవారికి తినడానికి ఏమీ పెట్టరాదు. ప్యారడైజ్ కూడలిలో ఆటోకూ బస్సుకూ నడుమ మిగిలిన జానెడు సందులోంచి ముందుకు దూరి చూపించిన డ్రైవర్‌కు, ఎదురుగా ఖాళీ రోడ్డు పెట్టుకొని ముందు బండి డిక్కీని గంటకు పైగా చూస్తూ పోవడం తపస్సుతో సమానం.

ఈ నిషేధాలు ఊరికే పుట్టలేదు. ఈ అడవి జారవాలది. కొన్ని వందల మంది మాత్రమే ఉన్న ఈ ఆదివాసులు 1990ల చివరి దాకా బయటివారిని దగ్గరికి రానివ్వలేదు. వేట, చేపలు, తేనె, దుంపలతో గడిచే వారి బతుకులో రోడ్డు అవసరం ఏనాడూ లేదు. బయటివారి తట్టు వంటి జబ్బులు వారికి ప్రాణాంతకం కాగలవు. వారి రక్షణ కోసం 1956లోనే ప్రత్యేక నిబంధన వచ్చింది, 2012లో దాని శిక్షలు పెరిగాయి. 2002లో సుప్రీంకోర్టు జారవాల ప్రాంతంలో ఈ రోడ్డును మూయమని ఆదేశించింది, కానీ కాన్వాయ్‌లు ఆ తరువాత కూడా ఆగలేదు. ఎవరి ఇంటి నడి హాలులోంచో దారి వేసుకొని, ఆ ఇంటివారు కనబడతారేమోనని కిటికీలకు అతుక్కుపోయే జనాన్ని ఏమనాలో తెలుగులో మాటలు లేక కాదు, అవి అచ్చుకు పనికిరావు. నలుగురికీ పెట్టకుండా తినడం పాపమని నమ్మే ఇల్లాలు జంతికల పొట్లం ఒళ్లో పెట్టుకొని అడవి దాటేదాకా మథనపడుతుంది. ఇక్కడ పిలవకుండా వచ్చిన చుట్టం తామేనన్న సంగతి ఆమెకు మిడిల్ స్ట్రెయిట్ రేవు దగ్గరగాని తట్టదు.

రేవులో బస్సులూ మనుషులూ ఒకే పడవ ఎక్కి బారాటాంగ్ చేరతారు. అక్కడి టీ కొట్టులో సికింద్రాబాద్ యాత్రికుడు తన దక్కనీ హిందీని తోమి, మెరుగుపెట్టి బేరం మొదలుపెడితే, అవతలి నుంచి శ్రీకాకుళం యాసలో “ఏటి బాబూ, ఎంతమందికి?” అని జవాబు రావచ్చు. 2011 లెక్కల్లో ఈ దీవుల జనాభాలో సుమారు 13 శాతం తెలుగువారే కనుక ఇందులో వింత లేదు, పోయేది హిందీ పరువొక్కటే. ఆ తరువాత స్పీడు బోటులో మడ అడవి గుండా, అంటే ఉప్పునీటిలో వేళ్ళూని బతికే చెట్ల నడుమగా, మొసళ్ల హెచ్చరిక బోర్డులు చదువుకొంటూ సున్నపురాయి గుహలకు పోవాలి.

ఇక మట్టి అగ్నిపర్వతం. పేరు విని నిప్పులు కక్కే కొండను ఆశించి మెట్లెక్కినవారికి, భూగర్భంలో కుళ్లిన పదార్థాల నుంచి పుట్టిన వాయువు బూడిదరంగు బురదను పైకి నెడుతూ అంబలి ఉడికినట్లు బుడగలు తేల్చే చిన్న మడుగు కనబడుతుంది. అడవిలో ఫోటోకు మొహం వాచిన ఇంటిపెద్ద ఇక్కడ ఆ కసి అంతా తీర్చుకొని, సిగ్నల్ దొరికిన చోట నలభై చిత్రాలను వరుసగా కుటుంబ వాట్సాప్ గ్రూపులోకి వదులుతాడు. చాలాసేపటికి బోయిన్‌పల్లి పెద్దమ్మ నుంచి ఒకే ఒక్క జవాబు వస్తుంది: “మన గల్లీలో పైపు మళ్లీ పగిలిందారా?”